పప్పులో పాలు

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు దత్తాత్రి తన కోడలు ప్రాజక్త వండిన పప్పు రెండుసార్లు పోసుకుని తిన్నాడు. ఆ తర్వాత వారమంతా ఇంట్లో తినలేదు.

రెండోసారి పోసుకోబోతుంటే ప్రాజక్త వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

“మామా, తినకు! పప్పులో పాల్ పడింది!”

గిన్నె లాక్కోబోయింది. దత్తాత్రి వదల్లేదు.

“పడితె పడనీ. గంత దానికే తినేటోని ముందటికెల్లి గిన్నె గుంజుకుంటరా?”

“వద్దు మామా! పాల్! పాల్!” వేళ్లు గాలిలో ఆడించి వంటగది వైపు చూపించింది.

“ఇన్న. చెవుడు లేదు నాకు.”

గిన్నెలో ఉన్నదంతా అన్నంలో పోసుకుని కలిపాడు. ముద్ద నోట్లో పెట్టుకోగానే ప్రాజక్త నోటికి చేయి అడ్డం పెట్టుకుని గిన్నెలు కడిగే మోరీ దగ్గరికి పరిగెత్తింది. వాంతి చేసుకున్న చప్పుడు ఆయనకు వినపడింది. ఆయన కంచం ఖాళీ చేశాడు.

ఆమె మొహం కడుక్కుని వచ్చి చేతులు జోడించింది.

“దవాఖానకు పోదాం మామా.”

“నాకేమన్న పిచ్చి లేసిందా?”

చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

ప్రాజక్తది కళ్యాణ్, మరాఠీ పిల్ల. పెళ్లై ఆరు నెలలు. ఇంట్లో తెలుగే నడవాలని దత్తాత్రి మొదటి రోజే చెప్పాడు. ఆమె నేర్చుకుంది. మాటల చివర్లు మాత్రం విరిచేది. ఉప్పు ‘ఉప్’ అయ్యేది, పెరుగు ‘పెరుగ్’ అయ్యేది. రాని మాటను సైగతో నెట్టుకొచ్చేది. దత్తాత్రి సిరిసిల్ల నుంచి భివండికి వచ్చి నలభై ఏళ్లు. శాంతి నగర్ మగ్గాల దగ్గర హిందీ, ఇల్లున్న పద్మనగర్‌లో తెలుగు. మరాఠీతో ఆయనకు పని పడలేదు. కొడుకు వైభవ్ నూలు కొనడానికి సూరత్ వెళ్లి ఉన్నాడు.

సోమవారం పొద్దున దత్తాత్రి అమోల్ టీ దుకాణం బల్ల మీద కూర్చుని వడాపావ్ తింటున్నాడు. రేకుల గోడకు బిగించిన ట్యూబ్‌లైటు అక్కడ పగలు కూడా వెలుగుతుంది. అమోల్ మరాఠీ పేపరు చదివి తెలుగులో చెప్తాడు. గిరాకీ కోసం తెలుగు నేర్చుకున్నాడు.

“హోటల్ మీద దాడి కాకా. ఫ్రిజ్‌ల వారం కిందటి చికెన్ దొరికింది.”

“థూ. ఆ ఓటలోన్ని గా ఫ్రిజ్‌లనే వెట్టి తలుపెయ్యాలె.”

“నల్లా లేని పాయఖానకు లీడరు రిబ్బన్ కత్తిరించిండు.”

“ముందుగాల ఆయన్నే లోపట కూసోవెట్టాలె.”

వడ మీద ఈగ వాలింది. దత్తాత్రి చేత్తో తోలి కొరికాడు.

ఎదురుగా కూర్చున్న నూలు దుకాణం రాజయ్య నవ్వాడు. “ఇంట్ల కోడల్ని వెట్టుకొని గీ పావ్ ఏంది దత్తన్నా?”

“పప్పుల పాలు వడ్డయట. గిన్నె గుంజుకున్నది. నేను తింటుంటె సూడలేక కక్కింది. మామ తింటుంటె కక్కస్తదా రాజన్నా? గంత రోతగున్ననా నేను?”

రాజయ్య నవ్వు ఆపాడు.

మంగళవారం మిసళ్ తిన్నాడు. బుధవారం అండా బుర్జీ సగం తిని ప్లేటు నెట్టేశాడు. కడుపులో తిప్పుతోందన్నాడు.

“నా బుర్జీ మంచిదే కాకా,” అన్నాడు పక్క బండివాడు.

“బుర్జీ కాదు, అమోల్ పేపరు. పొద్దుగాల గా లీడర్ల మాటలింటె ఎవనికైన తిప్పుతది.”

గురువారం సోడా, రెండు అరటిపళ్లు. ఆ మధ్యాహ్నం ప్రాజక్త డబ్బా పట్టుకుని దుకాణం దగ్గరికే వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

“మామా, కొత్త గిన్నెలు కొన్న. ఆ గిన్నెలు పడేసిన. ఇల్లంతా కడిగిన. తిను.”

దత్తాత్రి లేచి నిలబడ్డాడు.

“ఇన్నవా రాజన్నా? నేను ముట్టిన గిన్నెలు పడేసిందట. నేను కూసున్న జాగ కడిగిందట!”

“నీ కొడుకుకు చెప్పకు మామా,” అందామె. “తప్పు నాదే.”

దత్తాత్రి డబ్బా ముట్టుకోలేదు. ఆమె దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లింది.

శుక్రవారం కొడుకు ఫోన్ చేశాడు.

“ఏమైంది నాయినా? అడిగితే చెప్తలేదు. తప్పు నాదే అని ఏడుస్తుంది.”

“తప్పని ఎరుకైంది గద. రేపు రా, తేల్చు. ఆమెను కళ్యాణ్‌కు తోలుతవా, నన్ను బిస్సీల తినుమంటవా?”

బిస్సీ అంటే ఇల్లు లేని మగ్గం కూలీలు డబ్బులు కట్టి తినే చోటు.

“ఆమెను తోలొస్త,” అన్నాడు వైభవ్.

శనివారం సాయంత్రం వైభవ్ ఇంటికి వచ్చాడు. దత్తాత్రి ఇంటికి వెళ్లలేదు. వాళ్లిద్దరూ సంచి పట్టుకుని దుకాణం ముందు నుంచే ఆటో స్టాండ్‌కు వెళ్లారు. ప్రాజక్త ఆగి వంగి ఆయన కాళ్లకు మొక్కింది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

“సదువు అమోల్,” అన్నాడు ఆటో కదిలాక.

అమోల్ పేపరు తిప్పి ముందు మరాఠీలో చదివాడు. “ఆమటీత్ పాల్, వీస్ విద్యార్థీ రుగ్ణాలయాత్. హాస్టల్‌ల పప్పు తిని ఇరవై మంది దవాఖానల వడ్డరు కాకా.”

“ఆగాగు. ముందుగాల ఏమన్నవు? ఆమటీ అంటె?”

“పప్పు.”

“తర్వాతది నాకెరికే. పాలు.” దత్తాత్రి తొడ చరిచాడు. “ఇగో రాజన్నా! పప్పుల పాలు వడితె పేపర్ల గూడ ఏస్తున్రు. పాలకు ఎవడన్న దవాఖానకు పోతడా? థూ, గిదొక వార్త!”

అమోల్ చాయ్ పోయడం ఆపాడు.

“పాలు కాదు కాకా. పాల్.”

“నా కోడలు గూడ గట్లనే అంటది. రెండూ ఒకటే గదరా.”

“ఒకటి కాదు. తెలుగుల ఏమంటరో...” అమోల్ చుట్టూ చూశాడు. చేతిలోని చాయ్ జల్లెడ గోడ పైకి ఎత్తి చూపించాడు. “అగో, అది. అది పాల్.”

దత్తాత్రి తల ఎత్తాడు.

ట్యూబ్‌లైటు పక్కన బల్లి ఉంది.