వణకని గొంతు

రేడియోలో వార్తలు చదివే హైమవతి రిటైరయ్యేటప్పుడు తన గొంతును స్టేషన్‌కు రాసిచ్చేసింది. ఇప్పుడు ప్రతి వంటింటి గోడలోంచీ వార్తలు చెప్పేది ఆ గొంతే. ఇంటివాళ్లను అక్కా, అన్నా అని వరస కలిపి మరీ పిలుస్తుంది. విసుగొస్తే "చాలు" అంటారు, ఆగిపోతుంది. ఫోన్లు కూడా ఆ గోడలోంచే పలుకుతాయి.

ఆ ఉదయం చిన్నన్నయ్య పోయాడని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. హైమవతి అనకాపల్లిలో ఉన్న అక్క కామాక్షికి ఫోన్ చేసింది.

"అక్కా, నేను హైమవతిని. ఒక విషాద వార్త..."

"చాలు," అంది కామాక్షి. ఫోన్ ఆగిపోయింది.

మళ్లీ చేసింది.

"అక్కా, నేనేనే! నిజంగా మీ హైమనే!"

కామాక్షి కోడలితో నవ్వుతూ అంటోంది. "చూశావా, ఇవాళ ఎంత ముద్దుగా పిలుస్తోందో! చాలు తల్లీ, ఇక్కడ పప్పు పొంగిపోతోంది."

ఏడిస్తేనన్నా నమ్ముతుందనుకుంది హైమవతి. మూడోసారి ఫోన్ కలిపింది. కన్నీళ్లు ధార కడుతున్నాయి. ఎవరి చావు చదివినా వణకకూడదని ఏళ్ల తరబడి నేర్పిన గొంతు మాత్రం, ఎప్పటిలాగే నిలకడగా పలికింది.

"చాలు," అంది అక్క.