పేలని తుపాకి

తుపాకి పేలలేదు.

ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది, అంతే.

ఇరవై అడుగుల దూరంలో నాగేంద్ర సొంత తమ్ముడు వివేక్ నిలబడి ఉన్నాడు. అన్న బోరుకు ఆనుకునే కొత్త బోరు వేయించాడు వాడు. నెల తిరక్కుండా నాగేంద్ర బోరు ఎండిపోయింది. బత్తాయి కాయ మీదున్న చీనీ తోట ఆకు ముడుచుకుంది. గొడవంతా అదే.

వివేక్ మొహంలో ముందు నెత్తురు చుక్క లేదు. కాసేపటికి నవ్వు వచ్చింది.

“నాయన తుపాకి గదన్నా, నన్ను యాడ కొడ్తాది?”

చావు తప్పినవాడు దేవుడికి ఒక దండం పెట్టుకుంటాడు. తమ్ముణ్ణి చంపే పాపం తప్పినవాడు వంద పెట్టుకోవాలి. నాగేంద్ర ఒక్కటీ పెట్టుకోలేదు. పులివెందుల నుంచి గండి దాకా తన తుపాకి గురించే చెప్పుకుని నవ్వుతున్నారని తెలిసి, తల కొట్టేసినట్టయింది.

తండ్రి పోయాక చేతికొచ్చిన తుపాకి అది. లైసెన్సులో ఆత్మరక్షణకని రాసి ఉంది. ఆ ఆత్మరక్షణ పెళ్లిళ్లలోనూ తిరునాళ్లలోనూ భుజాన వేలాడటమే తప్ప ఏనాడూ పేలింది లేదు. ఇంట్లో అదుంటేనే నలుగురూ భయపడతారనేవాడు నాగేంద్ర. ఆ నలుగురిలో తానూ ఒకతెనని భార్య చందన అనేది.

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా తుపాకులన్నీ పోలీసులకు అప్పజెప్పాలి. నెలల తరబడి అక్కడ మూలన పడి తుప్పు పడతాయి. తిరిగి చేతికి రాగానే అందరూ ప్రొద్దుటూరులో అలీ అహ్మద్ షాపుకు పట్టుకుపోతారు. విప్పి, తుడిచి, నూనె వేసి ఇవ్వడం ఆ ముసలాయన పని. తూటాలు లెక్క పెట్టి ఇస్తారు కాబట్టి, ఇంటికొచ్చి కాల్చి చూసేవాడెవడూ ఉండడు.

మరుసటి రోజే నాగేంద్ర ఆ షాపు మెట్లెక్కాడు. కళ్లు కనపడనివాడికి ఈ పనెందుకని, ఊళ్లో తన పరువు తీశాడని, వీధంతా వినేట్టు తిట్టాడు.

అలీ అహ్మద్ ఒక్కటే అడిగాడు.

“ఎవురి మీదికి ఎత్తినావప్పా?”

“నా తమ్ముని మీదికి. నీకేల అయ్యన్నీ?”

“ఆ పిల్లోడు బాగుండాడా?”

నాగేంద్రకు ఒళ్లు మండింది. తుపాకి తన దగ్గరే వదిలి పొమ్మన్నాడు ముసలాయన. ఊరికే చేసిస్తానన్నాడు. చివరికి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. నాగేంద్ర ఆయన్ను పక్కకు తోసి, తుపాకి లాక్కుని కారెక్కాడు.

జమ్మలమడుగులో కొత్తగా షాపు పెట్టినవాడు అరగంటలో పని ముగించాడు. లోపల తూటాను పొడిచే పిన్ను అరిగిపోయిందని, కొత్తది వేశానని చెప్పాడు.

వారం కూడా కాలేదు. మిట్టమధ్యాహ్నం చీనీ తోటలో అన్నదమ్ములకు మళ్లీ మాటామాటా పెరిగింది. ఉత్తి బెదిరింపుకే ఎత్తానని నాగేంద్ర తర్వాత చెప్పాడు. అది నిజమో కాదో అతనికే తెలియదు. వివేక్ మాత్రం ఈసారి భయపడలేదు. నవ్వుతూ నాలుగడుగులు ముందుకే వచ్చాడు.

“కొట్టన్నా. అది పేలేదీ లే, నువ్వు కొట్టేదీ లే.”

తుపాకి పేలింది.

సాయంత్రం నాగేంద్రను లాకప్పులోకి తోసేసరికి, అక్కడ గోడవార అలీ అహ్మద్ కూర్చుని ఉన్నాడు. నాగేంద్ర చొక్కా మీది నెత్తురు చూసి ముసలాయన తల దించుకున్నాడు. ఎంతసేపటికీ మళ్లీ ఎత్తలేదు.

తన కేసులోకి ఈయన్ను కూడా లాగారనుకున్నాడు నాగేంద్ర. ఇంత జరిగాక అతనికి ఎవరి మీదా కోపం లేదు, ఏడుపు తప్ప ఏమీ మిగల్లేదు.

“సార్, ఆయప్పకు దీంట్లో ఏం సంబంధం లేదు. తుపాకి బాగు చేసింది ఇంగొగడు,” అన్నాడు.

కాపలా ఉన్న కానిస్టేబుల్ ఇది వేరే కేసని చెప్పాడు. ముప్పై ఏళ్లుగా తన షాపుకొచ్చిన ప్రతి తుపాకి పిన్నునూ ఆకురాయితో అరగదీసి, పేలకుండా చేసి పంపాడట ఈ ముసలాయన. లైసెన్సు తుపాకులు చెడగొట్టడం నేరం కాబట్టి లోపలేశారు.

నాగేంద్ర కమ్మీల దగ్గరికి వచ్చాడు.

“ఎవురు పట్టిచ్చినారు సార్?”

“ఎవురూ పట్టియ్యలేదు, పొద్దున్నే ఆయనే ప్రొద్దుటూరు నుంచి ఈడికొచ్చి ఒప్పుకున్న్యాడు. నీ తుపాకికి కొత్త పిన్ను పడిందని రాత్రే తెలిసిందంట. బిరీన పోయి దాన్ని లాక్కరాండి, ఆ పిల్లోన్ని కాపాడండి అని కాళ్లు పట్టుకున్న్యాడు,” అన్నాడు కానిస్టేబుల్, నాగేంద్ర వైపు చూడకుండా. “మేము మధ్యాన్నం దాకా ఆయప్ప చేసిన నేరమే రాసుకుంటా ఉంటిమి.”