రోజుకో సీసా

సీసాలో నీళ్లన్నీ వెల్డా చేపపిల్లల తొట్టిలో ఒంపబోయింది.

"ఆగండాగండి! గుడ్ల పెంకులతో సహా పోసేస్తారా ఏమిటి?"

కారు షెడ్డు గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. కాళ్లకు రబ్బరు బూట్లు.

"ఎవరు మీరు?"

"నోలా. లమార్‌తో పడవలో పనిచేసేదాన్ని. ముందా సీసా కింద పెట్టండి."

వెల్డా పెట్టింది.

ఆమె తమ్ముడు లమార్ పోయి పన్నెండు రోజులైంది. ఉప్పు సరస్సు మీద రొయ్యగుడ్లు తోడే పడవలో ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఓగ్డెన్‌లో ఇల్లు కొనుక్కుని, ఈ షెడ్డులో పద్నాలుగు తొట్లు పెట్టి చేపలు పెంచాడు. వెల్డా అతన్ని సొంతూరు పొకటెల్లోకి తీసుకుపోయి అమ్మ పక్కన మట్టి చేయించింది. పేపరుకు మరణ ప్రకటన రాసిచ్చిందీ ఆమే. పెళ్లి కాలేదు, ఉన్నది ఒక్క అక్క అని రాసింది.

ఇల్లు ఖాళీ చేద్దామని తిరిగి వచ్చేసరికి ఒక తొట్టిలో ఏంజెల్ చేప పెట్టిన గుడ్లు పగిలి పిల్లలు ఈదుతున్నాయి. తొట్లన్నీ అమ్మేసినా ఆ పిల్లల్ని మాత్రం తనతో తీసుకుపోవాలనుకుంది వెల్డా. తమ్ముడి చేతిలో పెరిగిన చేపల పిల్లలు. అవి బతికిన రొయ్యపిల్లల్ని తప్ప తినవు. రొయ్యగుడ్లు పొదిగించడానికి ఉప్పెంత, నీళ్లెన్ని అని లమార్ గోడకు కాగితం అంటించాడు. అందులో పెంకుల మాట లేదు.

"నిన్న నలభై చచ్చాయి" అంది వెల్డా. "తిండి పెడుతూనే ఉన్నాను."

"పెంకులు అరగవు. పిల్లలు కడుపుబ్బి చస్తాయి. ఇటు చూడండి."

నోలా సీసాలోకి గాలి వెళ్లే గొట్టం మూసింది. సీసాను మళ్లీ దాని చట్రంలో తలకిందులుగా బిగించింది. దీపాన్ని దాని మూతి దగ్గరికి దించింది. పది నిమిషాల్లో పెంకులు పైకి తేలాయి. అడుగున నారింజ రంగు పొడి లాంటిది దీపం వైపు చేరింది.

"అదంతా రొయ్యలేనా?"

"వెలుతురు కనబడితే ఆగలేవు. ఉచిత భోజనం అంటే మా చేపల క్లబ్బువాళ్లు కూడా ఇలాగే ఎగబడతారనేవాడు లమార్."

వెల్డా నవ్వింది. తమ్ముడు పోయాక అదే మొదటిసారి.

నోలా అడుగున చేరినదాన్ని గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి తొట్టిలో వదిలింది. చూస్తుండగానే చేపపిల్లల పొట్టలు నారింజ రంగుకు తిరిగాయి.

"మరి రేపటికి?"

"ఇవాళ వేసిన గుడ్లు రేపు పగులుతాయి. రోజుకో సీసా వేస్తూ ఉండాలి. ఒక్కరోజు మానారో, మర్నాడు పస్తే."

నోలా వంటింట్లోకి నడిచి, ఫ్రీజరు తెరిచి, బఠాణీల సంచి కింద చెయ్యి పెట్టి గుడ్ల డబ్బా తీసింది. వెతకలేదు.

ఐదు రోజులు వచ్చింది. ఏడింటికి రావడం, సీసా వెయ్యడం, వెళ్లడం. ఈలోగా సాల్ట్ లేక్ సిటీ నుంచి ఇద్దరు బేరగాళ్లు వచ్చి ఆ చేపపిల్లల్నే అడిగారు. లమార్ ఇరవై ఏళ్లు ఎంచి ఎంచి తీసిన జాతి అది, ఇంకెక్కడా దొరకదు అన్నారు. వెల్డా ఇవ్వనంది.

ఆరో రోజు నోలా అడిగింది.

"ఇవి పెద్దయ్యాక నాకో జత ఇస్తారా?"

వెల్డా చేతిలో గుడ్డ కింద పడేసింది.

"అదీ సంగతి! ఇందుకా తల్లీ ఈ సేవంతా?"

"అది కాదు..."

"ఫ్రీజరులో ఏది ఎక్కడుందో నీకెలా తెలుసు? వాడు లేనప్పుడు ఇల్లంతా సోదా చేశావా? నేను పొమ్మన్న ఆ బేరగాళ్లే నయం. ధర చెప్పి అడిగారు."

నోలా చేతులు తుడుచుకుంది.

"లమార్ మీకేమీ చెప్పలేదా?"

"నీ గురించా? వాడు ఏడాదికోసారి క్రిస్మస్‌కి ఫోన్ చేస్తే గొప్ప. నీ గురించి ఏం చెప్తాడు?"

"ఏం లేదు లెండి." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఇవాళ్టి సీసా ఇంకా వెయ్యలేదు. మరిచిపోకండి."

వెల్డా షెడ్డు తలుపు దించి ఇంట్లోకి వెళ్లిపోయింది. కోపం తగ్గేసరికి పొద్దుపోయింది. సీసా గుర్తు రాలేదు.

మర్నాడు సీసాలో ఉప్పునీళ్లు తప్ప ఏమీ లేవు. అప్పటికప్పుడు గుడ్లు వేసింది. అవి పగిలేదాకా తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పగిలేసరికి తొట్టిలో చేపపిల్లలు పదకొండే మిగిలాయి.

ఆ రోజే చేపల క్లబ్బు కార్యదర్శి బాయిడ్ తొట్లు తీసుకుపోవడానికి ట్రక్కు తెచ్చాడు. పిల్లల్ని చూసి టోపీ వెనక్కి నెట్టాడు.

"ఇదేమిటి వెల్డా గారూ! నోలా రావట్లేదా? ఈ పని ఆవిడ తర్వాతే ఎవరైనా."

"నేనే పంపేశాను. నోటికొచ్చినట్టు అన్నాను. ఆవిడ ఇల్లెక్కడో చెప్పు బాయిడ్, వెళ్లి పిలుచుకొస్తాను."

"ఇంకెక్కడి ఇల్లు? నిన్న తనుండే ట్రైలరు ఖాళీ చేసి మోంటానా వెళ్లిపోయింది. నంబరడిగితే ఎందుకులే అంది."

"చేపల కోసం వచ్చిందనుకున్నాను."

బాయిడ్ ఎత్తిన తొట్టిని మళ్లీ కింద పెట్టాడు.

"మీకు తెలుసనే అనుకున్నానండీ. వచ్చే శుక్రవారం కోర్టులో లమార్, నోలా పెళ్లి పెట్టుకున్నారు. ఇద్దరు సాక్షులు కావాలన్నారు, ఒకణ్ణి నేను. 'రెండో సంతకం మా అక్కది, ఫోన్ చేసి రమ్మంటాను' అన్నాడు లమార్."