కవరులో పేరు

టీచరమ్మ డెత్ సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, ఫ్యాను గాలికి ఎగరకుండా అరచెయ్యి ఆనించింది.

"ఇక అడ్డెవరూ లేరు అన్నయ్యగారూ. మా అమ్మ టేపు తీయండి."

రికార్డు గది గుమస్తా కళ్లజోడు తుడుచుకుని కాగితం చదివాడు. పోయింది ఆవిడ తండ్రి. పదకొండు రోజులైంది.

ఆ గదిలో గొప్పవాళ్ల చరిత్రలేవీ లేవు. మామూలు మనుషుల ఉత్తరాలు, వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి పట్టిన టేపులు గోడ పొడుగునా ఇనుప బీరువాల్లో ఉంటాయి. మాట్లాడినవాళ్లు కోరితే టేపుకి సీలు వేస్తారు, ఫలానా మనిషి పోయేదాకా తెరవొద్దని. ఆ ఫలానా పేరు రిజిస్టరుకెక్కదు. చీటీ మీద రాసి, పక్కన కూర్చుని టేపు విన్న సాక్షి ఒకరి చేత సంతకం పెట్టించి, కవరులో పెట్టి అంటించేస్తారు. ఎవరైనా డెత్ సర్టిఫికెట్ తెస్తేనే కవరు చింపేది. పేరు కలిస్తే టేపు వినిపిస్తారు. కలవకపోతే మళ్లీ అంటించి లోపల పెడతారు తప్ప, పేరు బయటికి చెప్పరు.

టీచరమ్మ ఈ గడప తొక్కడం ఇది నాలుగోసారి. తొమ్మిదేళ్ల కింద తల్లి పోయినప్పుడు పెట్టెలో చీరల అడుగున ఈ గది ఇచ్చిన రసీదు దొరికింది. అప్పట్నించీ ఒకటే పట్టు. మూడుసార్లూ గుమస్తా ఒకే మాట చెప్పి పంపాడు, మనిషి పోవాలి, కాగితం రావాలి అని. ఇప్పుడు కాగితం వచ్చింది.

అతను సందర్శకుల రిజిస్టరు ముందుకు తోసి, పేరు పూర్తిగా రాయమన్నాడు. ఆవిడ పిల్లలకి బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా రాసింది.

ఇంతకీ ఏం వినాలని ఇంత తపన అని అడిగితే, ఆవిడ దాచుకోకుండా చెప్పింది. మూడేళ్ల తమ్ముడు ఇంటి వెనక నీళ్ల సంపులో పడి పోయాడు. మూత వేయడం మరిచింది తనేనని తండ్రి వీధి వీధంతా వింటుండగా ఒప్పుకున్నాడు.

"మరుపట, మరుపు. తలుపు గడియ రెండుసార్లు తడిమి చూసుకుంటే గానీ నిద్రపోని మనిషి. గడియారానికి కీ ఇవ్వడం కూడా ఏనాడూ మరవలేదు. ఆ ఒక్కరోజే మరిచాడంటే నా చెవిలో పువ్వుందా? ఏదో జరిగింది. అది మా అమ్మకి తెలుసు."

ఆసుపత్రి నుంచి ఎన్నిసార్లు కబురొచ్చినా వెళ్లలేదని చెప్పింది. చివరి రెండు రోజులూ ఆయన తన పేరే కలవరించాడని నర్సు ఫోను చేసిందట. చెబుతుంటే గొంతు వణకలేదు.

"అంత రాయి అయిపోతే ఎలాగమ్మా," అన్నాడు గుమస్తా.

"రాయిని చేసింది ఆయనే."

గుమస్తా తాళాలగుత్తి కళ్లకద్దుకుని లేచాడు. పైవాడి దగ్గర కూడా ఇలాంటి బీరువాలే ఉంటాయేమో అని అతనికి అప్పుడప్పుడు అనిపిస్తుంది. అన్నీ రాసి పెట్టుకుంటాడు, బాగానే ఉంది. ఎవరికి ఏది వినిపించాలో, ఏది వినిపించకూడదో ఎలా తేల్చుకుంటాడన్నదే అంతుపట్టదు.

"ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. తప్పు దాచుకుందామని సీలు వేసేవాళ్లు తక్కువమ్మా. వింటే తట్టుకోలేని మనిషి ఎవరో ఒకరుంటారు. వాళ్లకోసం వేస్తారు."

"నేననేదీ అదేగా. ఆయన తట్టుకోలేడని వేసింది. ఎంత చెడ్డా మొగుడాయె."

అతను అడుగు సొరుగు లాగాడు. సగం ఖాళీ సొరుగు, గుయ్యిమని మోగింది. ఆ చప్పుడికి టీచరమ్మ ముఖం ఎందుకో మెత్తబడింది.

"మా సంపూ అచ్చం ఇలాగే మోగేది. నాకప్పుడు ఆరేళ్లు. మూత పక్కకి జరిపి, అందులోకి వంగి నా పేరు నేనే పిలుచుకునేదాన్ని. లోపల్నించి ఎవరో తిరిగి పిలిచినట్టుండేది. తమ్ముడు పడీపడీ నవ్వేవాడు. నా గౌను పట్టుకుని, అక్కా మళ్లీ, అక్కా మళ్లీ అని ఒకటే గోల."

గుమస్తా కవరు తెచ్చి, ఆవిడ ఎదురుగానే అంచు చింపి చీటీ మడత విప్పాడు. రెండే రెండు పంక్తులు. చదివాడు. సర్టిఫికెట్ వంక చూసి మళ్లీ చదివాడు. తర్వాత నెమ్మదిగా, మొదట ఉన్న మడతలోనే మడిచాడు.

"కలవలేదమ్మా."

"అదెలా? మా నాన్న పేరు లేదా అందులో?"

"ఉంది. సాక్షి సంతకం దగ్గర."

టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. "సాక్షా? అంటే అమ్మ ఏం చెప్పిందో ఆయనకి ముందే తెలుసా?"

గుమస్తా తలూపాడు. అంతకు మించి పెదవి విప్పకూడదు. జిగురు సీసా అందుకుని కవరు అంటించబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ ఇంట్లో మేం ఉన్నదే నలుగురం. ముగ్గురూ పోయారు. ఇంకా ఎవరు పోవాలని రాసింది మా అమ్మ?"

గుమస్తా చూపు, ఆపుకుందామన్నా ఆగకుండా, బల్ల మీద తెరిచి ఉన్న రిజిస్టరులో ఆవిడ గుండ్రంగా రాసిన పేరు మీద వాలింది.