కళ్ళు మండే మళ్ళు

"పీకించెయ్యమ్మా! ఆ ఎడమ సగం మొత్తం దున్నించెయ్!"

రుమాలుతో కళ్ళు అదుముకుంటూ స్ట్రాబెర్రీ తోటలోంచి గట్టు మీదికొచ్చి పడ్డాడు గ్యాస్ మాస్టారు. నాటేముందు మట్టికి గ్యాస్ పట్టించి తెగుళ్ళు చంపందే స్ట్రాబెర్రీ బతకదని కనపడ్డవాడితోనల్లా వాదిస్తాడు. కబుర్లలోనూ గ్యాసే కొడతాడు. ఆ పేరు ఆయనకి రెండువిధాలా న్యాయంగానే వచ్చింది.

"మళ్ళీ మండాయా నాన్నా?" అంది కూతురు.

"మళ్ళీ ఏమిటే, మళ్ళలో అడుగు పెడితే చాలు! గ్యాస్ ఇంకా మట్టిలోనే ఉంది. కుడి సగంలో పొద్దస్తమానం తిరిగినా చుక్క రాదు."

"నాకు ఎటువైపూ మండట్లేదే?"

"నీకు కళ్ళద్దాలున్నాయిగా, కళ్ళకి గొడుగులు!"

అది ప్రయోగాల తోట. ఆరు రకాలు, రెండు సగాల్లోనూ అవే ఆరు. ఒక సగానికే గ్యాస్ పట్టించి, తేడా తెలియకుండా రెండింటికీ ఒకేలా ప్లాస్టిక్ షీటు కప్పారు. ఏది ఏదో ఆ ప్రయోగం పెట్టించిన వ్యవసాయ ఆఫీసరు ఒక్కడికే తెలుసు. కోతలయ్యేదాకా చెప్పకూడదని నియమం, చెబితే కోసే చేతులు పక్షపాతం చూపిస్తాయట. ఆ పని జరిగినప్పుడు తండ్రీకూతుళ్ళు ఆసుపత్రిలో ఉన్నారు, అమ్మ మంచం పక్కన.

ఇంటికి తిరిగొచ్చాక ఎడమ సగమంతా అమ్మే మోకాళ్ళ మీద కూర్చుని నాటింది. మళ్ళీ తోటకి రాలేదు. ఆవిడ టోపీ ఇంకా అటువైపు గుంజకే వేలాడుతోంది. తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఆరో రకం ఆవిడదే. వంటింటి కిటికీలో ఏళ్ళ తరబడి ఏరి ఏరి పెంచింది. "నా పిల్లకి పొగ పెట్టక్కర్లేదు" అనేది ఆ మొక్కని చూపించి. "పెట్టకపోతే పోతుందే!" అనేవాడు మాస్టారు. చివరికి పిల్ల ఉంది, ఆవిడే పోయింది. ఆ రోజు కూడా పరామర్శకి వచ్చినవాళ్ళని నవ్వించి పంపాడాయన. కూతురు అది మరిచిపోలేదు.

"చూడు, ఎడమవైపు అయిదు రకాలు ఎలా వడలిపోయాయో! మిగిలిన గ్యాస్ వేళ్ళని కాల్చేస్తోంది."

"అమ్మ రకం నిగనిగలాడుతోందిగా. సగం దున్నేస్తే ప్రయోగం చెల్లదు నాన్నా. అమ్మ రకాన్ని ఎవరూ తీసుకోరు, ఇక్కడితో ఆగిపోతుంది."

"సాయంత్రమైతే ఆ షీటు కింద ఎవరో దగ్గుతారే."

"గాలి నాన్నా."

"గాలే! ఏ గాలో చెప్పు మరి."

కబురందుకున్న ఆఫీసరు గాజు సీసా పట్టుకుని వచ్చాడు. అందులో ఎడమ సగం మట్టి, పైన లేత మొలకలు. "గ్యాస్ మిగిలుంటే ఈ ఆకుకూర విత్తనాలు మొలవవు మాస్టారూ."

"మొలకలకి కళ్ళుంటాయటయ్యా, మండటానికి?" మాస్టారు ట్రాక్టరెక్కి కూర్చున్నాడు.

కూతురు అడ్డం నిలబడింది. తన కళ్ళద్దాలు తీసి తండ్రి ముక్కు మీద పెట్టింది. "ఇవి పెట్టుకుని ఒక్కసారి నడిచి రా. అప్పుడూ మండితే నేనే దున్నిస్తాను."

మాస్టారు దిగాడు. కుడి సగంలోంచి జోకులేస్తూ నడిచాడు. ఎడమ సగంలో మొదటి మడి దాటాడు, రెండోది దాటాడు, టోపీ దగ్గరికి వెళ్ళాడు. గాలికి టోపీ ఆయన వైపు తిరిగింది. జోకు సగంలో ఆగింది.

తిరిగొచ్చేసరికి కళ్ళద్దాల కిందినుంచి నీళ్ళు ధార కడుతున్నాయి.

"చూశారా? అద్దాలు కూడా ఆపలేకపోయాయి. ఎంత గ్యాస్ పట్టించావయ్యా బాబూ?"

కూతురు తల దించుకుని పక్కకి తప్పుకుంది. మాస్టారు ట్రాక్టరు తాళం కోసం తడుముకున్నాడు. తాళం అప్పటికే ఆఫీసరు గుప్పిట్లో ఉంది. కోతలదాకా ఆగాల్సిన నియమాన్ని అతను అక్కడే పక్కన పెట్టేశాడు.

"మాస్టారూ, ఆ సగానికి అసలు గ్యాసే పట్టించలేదు."