చక్కెర లేని గిన్నె

"బంద్ రోజున క్యాంపస్‌కి ఎవరైనా వెళ్తారా? కణాలెక్కడికీ పారిపోవు కదే!" అంది తల్లి శాంతమ్మ, తలగుడ్డ సర్దుకుంటూ.

"ఇవాళ చూడకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదమ్మా," అంటూ రెబెకా చెప్పులేసుకుంది.

తార్నాక చౌరస్తా నిండా పోలీసులే. యూనివర్సిటీ గేటుకు తాళం. లోపల్నుంచి 'జై తెలంగాణ' నినాదాలు. బాష్పవాయువుకి కళ్ళు మండిపోతున్నాయి. బయోకెమిస్ట్రీలో రీసెర్చ్ చేస్తున్న రెబెకాకు ఇవేవీ పట్టలేదు. వారంగా ల్యాబ్ మూత. అందులో తన కణాలు ఏమయ్యాయో తెలియక ఆమెకు అన్నం సహించడం లేదు.

ప్రహరీ పక్కన కొమురెల్లి ఎదురయ్యాడు. పొలిటికల్ సైన్స్ విద్యార్థి, ఉద్యమంలో ముందుండే మనిషి. క్యాంటీన్‌లో ఆమెతో వాదన పెట్టుకోనిదే అతనికి చాయ్ దిగదు.

"ఏందక్కా, ఆంధ్రోళ్ళు గూడ ధర్నాకొచ్చిన్రా?"

"ఎగతాళి తర్వాత చేద్దువుగాని. లోపల నా కేన్సర్ కణాలున్నాయి. వారమైంది, వాటి తిండిలో చక్కెర లేదు."

కొమురెల్లి మొహంలో నవ్వు పోయింది. "అయ్యో! పోయిన బంద్‌ల నా దోస్తుగాని కణాలు గిట్లనే సచ్చినయి. రెండేండ్ల పీహెచ్‌డీ మట్టిల గల్సింది. దా అక్కా, గోడ దూకుదాం."

రెబెకా అతని వెనక నడిచింది.

అతను ఆమెను గోడ దాటించాడు. వాచ్‌మన్ పోచయ్య గడ్డం పట్టుకుని బతిమాలి ల్యాబ్ తలుపు తీయించాడు. వాదన వాదనే, మనిషి మాత్రం వెన్న.

రెబెకా చిన్న గాజుగిన్నెను మైక్రోస్కోప్ కింద పెట్టి వంగి చూసింది. గిన్నె నిండా కణాలు. నిగనిగలాడుతూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"బతికినయా?" కొమురెల్లి ఆత్రంగా అడిగాడు.

"బతికాయి. చక్కెర లేకపోతేనేం, ప్రోటీన్ తునకలు తినడం మరిగాయి."

"మెస్ బంద్ వెడితే మేం అటుకులు బుక్కలే? గట్లనే! మొండి జిద్దున్నదక్కా వీటికి!" కొమురెల్లి చప్పట్లు కొట్టాడు.

రెబెకా స్టూలు మీద కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"గింత సంతోషమా అక్కా?" అన్నాడతను, మంచినీళ్ళు అందిస్తూ.

అవి శాంతమ్మ రొమ్ము గడ్డలోంచి తీసిన కణాలు. ఆకలికి మాడి చస్తాయన్న ఆశతో వాటికి చక్కెర ఆపింది రెబెకానే.