వేలాడే పసుపుది

"మంచిది నీ నోట్లోకి, నాసిది ఎదుటివాడికి. అంతేనా?" ఫజ్నా కౌంటర్ మీదున్న రెండింటినీ పక్కపక్కకు జరిపింది.

ఇహుసాన్ రేపు పొద్దున్నే అతిథులను సముద్రం అడుగుకు తీసుకెళ్లాల్సిన మనిషి. నీళ్లలో ఊపిరి అందించే పాత రెగ్యులేటర్ కారుతోందని మొగుడూ పెళ్లాలిద్దరూ పడవెక్కి మాలే రేవులోని ఈ కొట్టుకు వచ్చారు. గాలి సిలిండర్‌కు బిగించే తల ఎంచుకోవడం అయింది. దాన్నుంచి రెండు గొట్టాలు వస్తాయి. ఒకదాని చివర ఉండేది తన నోటికి. రెండోదాని చివర ఉండేది, పసుపుపచ్చది, ఛాతీ మీద వేలాడుతూ ఉంటుంది. నీళ్ల అడుగున ఎవరికైనా గాలి అయిపోతే వాళ్లకోసం.

నోటికి కొట్టులోకెల్లా మంచిది తీశాడు. వేలాడేదానికి మాత్రం అడుగు అరలోంచి అన్నిటికన్నా చవకది.

"హలీమన్నా, వీటికి తేడా ఏమిటో నువ్వు చెప్పు."

కొట్టాయన నోట్లోని వక్కను బుగ్గకు తోశాడు. "మంచిదాంట్లో ఊపిరి తీస్తున్నట్టే ఉండదు చెల్లీ. పసుపుది కాస్త బిగువు, గట్టిగా లాగాలి. ఒక్కోసారి ఓ చుక్క ఉప్పునీరు కూడా వస్తుంది. చావరులే."

"విన్నావా? చావరట." ఫజ్నా మొగుడి వైపు తిరిగింది. "ఇదే ధరకు మధ్యరకంవి జత వస్తాయి. రెండూ ఒకేలాంటివి తీసుకో."

"మధ్యరకం వద్దు. ఒకటైనా మంచిదుండాలి."

"అదీ నీ నోట్లోదే."

"నా నోట్లోదే."

ఆమెకు హలీమ్ ముందు తల కొట్టేసినట్టయింది. "ఇంట్లో చేప పొట్టముక్క నా కంచంలోకి తోస్తావు. నీళ్లలోకి దిగితే ఈ బుద్ధేమిటి? నిన్ను నమ్ముకుని దిగినవాళ్లది ప్రాణం కాదా?"

"అన్నా, ఆ సిలిండర్ ఇలా పెట్టు," అన్నాడు ఇహుసాన్. రెండు గొట్టాలూ బిగించాడు. పసుపుదాన్ని ఛాతీకి తగిలించుకున్నాడు. "ఊపిరి బిగబట్టు ఫజ్నా. ఇక నావల్ల కాదనుకున్నప్పుడు నా దగ్గర గాలి తీసుకో. మధ్యలో నోరు తెరిస్తే ఓడినట్టే."

"నీ దగ్గరా ఓడేది?" ఆమె ముక్కు మూసుకుంది. అతను మంచిది నోట్లో పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

హలీమ్ లెక్కపెట్టాడు. ముప్పై దాకా నవ్వుతూనే ఉంది. నలభై దాటాక చెవుల్లో హోరు మొదలైంది. యాభై ఐదు దగ్గర కళ్లు బైర్లు కమ్మాయి, చెయ్యి దానంతటదే లేచింది. దొరికినదాన్ని లాగి నోట్లో పెట్టుకుంది. గాలి చల్లగా, తేలిగ్గా లోపలికి వచ్చింది. మూడుసార్లు పీల్చాక గానీ మొగుడి ఛాతీ మీద పసుపుది ఇంకా అలాగే వేలాడుతోందని చూడలేదు.

ఇహుసాన్ నింపాదిగా దాన్ని తీసి తన నోట్లో పెట్టుకుని, ఒకసారి గట్టిగా లాగి చూశాడు.

"గాలి అయిపోయినవాళ్లు వేలాడేది వెతకరు, నా నోట్లోదే లాక్కుంటారు," అన్నాడు. "ఈ పసుపుది ఎప్పుడూ నాకే మిగులుతుంది."